రోడ్డు దాటిన కొబ్బరిపీత

పొద్దుగూకే వేళ సినాన్ మారావొస్ చేమదుంపల బుట్టతో మొగుడి స్కూటరు వెనక కూర్చుని ఇంటికి వస్తోంది. ద్వీపం చుట్టూ తిరిగే రోడ్డు మీద అడవిలో బతికే పెద్ద కొబ్బరిపీత ఒకటి, కడుపు కింది గుడ్లను నీళ్లలో వదలడానికి, సముద్రం వైపు పాకుతోంది.

"ఆపవయ్యా, నిండు చూలాలు," అంటూ ఆమె దిగి పీత పక్కన నిలబడింది. వెనక వస్తున్న పర్యాటకుల వ్యాను కూడా ఆగింది. బెదిరిన పీత ఆమె బుట్టను గట్టిగా పట్టేసింది.

"పట్టుదలలో నీ చెల్లెలే," అన్నాడు మొగుడు.

"నవ్వింది చాలు, అటు పట్టుకో."

ఇద్దరూ పీతతో సహా బుట్టను మోసుకెళ్లి అలలు తగిలే బండ మీద పెట్టారు. చాలాసేపటికి పీత పట్టు వదిలి, నీళ్లలో దిగి గుడ్లు విదిలించింది.

"ఇక పోదామా? ఆకలేస్తోంది."

"అది మళ్లీ రోడ్డు దాటి అడవికి పోవద్దూ?"

అతను వెళ్లి, స్కూటరును రోడ్డుకు అడ్డంగా పెట్టి, లైటు వెలిగించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.