పొద్దుటి నాలుగడుగులు

పొద్దున లేవగానే సంధ్య కుంటేది. మొహం కడుక్కుని, పాలు తాగి, వాకిట్లోకి వచ్చి కాసేపు తిరిగేసరికి ఆ కుంటు ఎటు పోయేదో పోయేది. సాయంత్రం నారాయణగూడలో డాక్టరు గారి ముందు నిలబెడితే ఆ నాలుగేళ్ళ పిల్ల కుర్చీ ఎక్కి దిగి, బల్ల మీది గంట నొక్కి, గదంతా కలియతిరిగేది.

డాక్టరు చెడ్డవాడు కాదు. మోకాలు వంచి చూశాడు, పాదం తిప్పి చూశాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ చూశాడు. చివరికి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అమ్మా, నేను చూడనిదాన్ని కాగితం మీద ఎట్ల రాయను? నువ్వు చెప్పే నడక ఒక్కసారి నా కంట పడాలె" అన్నాడు.

తిరుగుదారిలో ఆటో నడుపుతూ పిల్ల తండ్రి జైపాల్ వెనక్కి చూడకుండానే, "విన్నవు గద. పిల్లకేం లేదు. నీకే అనుమానం రోగం" అన్నాడు.

చంద్రిక ఒళ్ళో నిద్రపోతున్న కూతురి ఎడమ మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. పదో తరగతి మధ్యలో బడి మాన్పించి పెళ్ళి చేసిన నాటి నుంచి ఆమె మాట ఇంట్లో నెగ్గిన రోజు తక్కువ. మొగుడు తెల్లవారకముందే బడిపిల్లల ట్రిప్పుకు పోతాడు. అత్త మాసమ్మ ఇంకా ముందే లేచి చిక్కడపల్లి మార్కెట్లో ఆకుకూరల గంప దించుకుంటుంది. ఆ పొద్దుటి నడకను చూసే కళ్ళు ఇంట్లో ఒక్క జతే. పొద్దున ఆ మోకాలు ఎంత వేడిగా ఉంటుందో తెలిసిన చెయ్యి కూడా ఒక్కటే.

ఊరకే కూర్చోలేదు ఆమె. పిల్లను లేచీ లేవగానే చంకనేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది. చీటీ వరుసలో నిలబడి, పిలుపు వచ్చేసరికి కాలు సాఫుగా అయిపోయింది. పైఅంతస్తు హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుతున్న రమాకాంత్‌ను బతిమాలి ఫోనులో వీడియో తీయించింది. చీకటి వరండాలో తీసిన ఆ వీడియోలో పిల్ల మొహం కనబడింది గానీ కాళ్ళు పలచటి జావలా పారాయి. డాక్టరు గారు ఫోనును అటూ ఇటూ తిప్పి, "ఏం తెలుస్తలేదమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

అశోక్‌నగర్‌లో వాళ్ళుండే ఇంట్లోనే, మెట్ల కింది గదిలో బుగ్గయ్య ఉండేవాడు. ఒకప్పుడు క్రాస్‌రోడ్స్ టాకీసులో రీళ్ళు తిప్పినవాడు. పెళ్ళిళ్ళ సీజన్లో చిన్న సినిమా కెమెరా ఒకటి మెడకు తగిలించుకుని తిరిగినవాడు. ఆ రోజుల్లో అన్నిటికన్నా చౌకగా దొరికిన కెమెరా అది. కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు, గడియారానికి ఇచ్చినట్టు చావి ఇస్తే చాలు.

చంద్రిక గోడు విని ఆయన ఆ కెమెరాను బయటికి తీశాడు. "ఫోన్ల కాళ్ళు జావ అయితయి బిడ్డ. దీన్ని జోరుగ తిప్పి ఎండల తీస్తే ఒక్క అడుగును ముక్కలు ముక్కలు చేసి పెడ్తది. ఏ ముక్క కావాలంటె ఆ ముక్క చూసుకోవచ్చు."

"అయితె నువ్వే తీసియ్యి తాత."

"నా చెయ్యి చూసినవా? వానల తడిసిన కోడిపిల్ల నయం. కంట్ల పొర ఒకటి. నువ్వే తియ్యాలె."

"నాకు రాదు."

"కుట్టుమిషను తల్లి కడుపుల నేర్చుకొని వచ్చినవా?"

ఫిల్ము ఒకే ఒక్క చుట్ట ఉంది. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో పాలపాకెట్ల వెనక ఏళ్ళ తరబడి దాచుకున్నాడు బుగ్గయ్య. అందుకని ముందు ఫిల్ము లేకుండానే నేర్పాడు. చావి మొత్తం ఇచ్చి రాత్రంతా వదిలెయ్యకూడదు, స్ప్రింగు అలిసిపోతుంది. పని కాగానే బటను నొక్కి చావి అంతా వదిలించాలి, మనిషి నడుము వాల్చినట్టు. తోలు సంచిలో దాచకూడదు, తోలు చెమ్మను పట్టి అద్దానికి బూజు అంటిస్తుంది. చంద్రిక స్టీలు డబ్బా అడుగున వేయించిన బియ్యం మూట కట్టి వేసి, దాని మీద కెమెరాను పడుకోబెట్టింది. ఒకసారి మిషను నూనె డబ్బీ తెచ్చి పళ్ళచక్రాల మీద వొంచబోతే బుగ్గయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తల్లి. ఇది తాగుబోతు. ఎంత పోస్తె అంత తాగి, ఫిల్ము మీద కక్కుతది. సూది మొన మీద నిలిచేటంత చాలు."

లోపల, అద్దం వెనక నుంచి ఫిల్ము జారిపోయే చోట, గోరంత కూడా లేని ఉక్కు కిటికీ ఒకటుంది. వెలుగు దానిలోంచే ఫిల్ము మీద పడుతుంది. "ఈ కిటికీల నలుసు పడ్డదంటె ప్రతి బొమ్మల అదే నలుసు. ఫిల్ము ఎక్కియ్యకముందు వెలుగుకు పట్టి చూడు. ఎన్నడు మరవకు" అని రోజూ చెప్పేవాడు. ఫిల్ము సంగతీ చెప్పాడు. ముందు సగం వెడల్పు మీదే బొమ్మలు పడతాయి. అయిపోయాక నీడలో మూత తీసి, చుట్టను తిరగేసి పెడితే మిగతా సగం. పలక రెండో వైపు తిప్పుకున్నట్టే.

చంద్రిక మోచేతులు డొక్కలకు ఆనించి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు బిగబట్టినట్టు ఊపిరి బిగబట్టి, బటను నొక్కడం సాధన చేసింది. కూర ఉడుకుతుంటే చేసింది, పిల్ల ఆడుకుంటుంటే చేసింది.

"సినిమాల వడ్డది నా పెండ్లాం" అని జైపాల్ ఆటోస్టాండులో చెప్పుకుని నవ్వాడు.

దసరా వచ్చింది. మాసమ్మ పొద్దున్నే తలస్నానం చేసి ఆటోకు, కుట్టుమిషనుకు, తూకం రాళ్ళకు పసుపూ కుంకుమా పెట్టింది. తుడిచి ఆరడానికి పక్క మూత తీసి పెట్టిన కెమెరా కూడా కిటికీ గూట్లో కనబడింది. దానికీ పెట్టింది. చంద్రిక వచ్చి అద్దం మీది బొట్టును మెత్తటి గుడ్డతో తుడిచేసి, మూత వేసి, పండగ పనిలో పడిపోయింది.

మర్నాడు ఎండ బాగా కాసింది. నిద్రపోతున్న సంధ్యను బొంతతో సహా డాబా మీదికి మోసుకెళ్ళి, చీర నీడలో పడుకోబెట్టింది. పిల్ల ఎక్కడ లేస్తుందో అన్న కంగారులో ఫిల్ము ఎక్కించి, మూత బిగించింది. ఎండ డాబా మీద పూర్తిగా పరుచుకున్నాక పిల్లను లేపింది. సంధ్య లేచి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ తల్లి వైపు నడిచింది. కెమెరా గర్రుమని తిరిగింది. సగం ఫిల్ము అయిపోయింది.

చంద్రిక మెట్ల నీడలోకి వెళ్ళి, చుట్ట తిప్పుదామని మూత తీసింది. ఉక్కు కిటికీ పైఅంచున, పసుపు ముద్దలో అతుక్కుని, ఎర్రగా కుంకుమ.

కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది. పైఅంచున ఉన్న మచ్చ కింద నేల మీద పడుతుంది. అంటే సరిగ్గా పిల్ల పాదాల మీద.

"లోపట గూడ పెట్టినవా అత్తమ్మ?"

"పెట్టకుంటె ఎట్ల?" అంది అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి, మిగిలిన ఆకుకూర కట్టలు విప్పుతున్న మాసమ్మ. "ఆటోకు అద్దానికి పెట్టి ఇంజన్‌ను ఇడిసిపెడ్తమా? దాని గుండె కాడ పెట్టిన. మంచిగ నడుస్తదని."

బుగ్గయ్య కిందినుంచే అన్నీ విన్నాడు. "పెట్టింది ఆమె. చూడంది నువ్వు" అన్నాడు. చంద్రిక కూర్చుని, అగ్గిపుల్ల మొనకు పాత పంచె పోగు చుట్టి, ఉక్కు మీద గోరు గానీ ఇనుము గానీ తగలకుండా ఆ కిటికీని తుడిచింది. తుడిచి వెలుగుకు పట్టింది. మళ్ళీ తుడిచింది. అప్పుడు చుట్ట తిరగేసి ఎక్కించింది.

ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది. ముసురు. రోజూ తెల్లవారగానే ఆమె డాబా ఎక్కి ఆకాశం చూసి దిగేది. సగం వాడిన ఫిల్ముతో కెమెరా డబ్బాలో పడుకుని ఉంది. బియ్యం మూట చెమ్మగిల్లితే మళ్ళీ వేయించి పెట్టేది. "ఎండ రాకుంటె ఏం జేస్తవు?" అని జైపాల్ అడిగితే, "వచ్చేదాక ఆగుత" అంది.

వానకు మార్కెట్ బురదైపోయి మాసమ్మ కూడా ఇంటిపట్టునే ఉంది. ఒక పొద్దున సంధ్య లేచి గోడ పట్టుకుని నడుస్తుంటే చూసింది. దగ్గరికి పిలిచి, కొబ్బరినూనె రాద్దామని మోకాలి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చంద్రికా, ఇది కాలుతుంది గద."

"రోజు గంతే అత్తమ్మ."

మాసమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి, "ఎండ పొడిచిన్నాడు గంప ఎత్తను. నన్ను గూడ డాబా మీదికి పిలువు" అంది.

ఎండ పొడిచింది. తీగ మీద తెల్ల దుప్పటి పరిచి కట్టారు, దాని ముందు పిల్ల కాళ్ళు స్పష్టంగా కనబడాలని. చంద్రిక ఉక్కు కిటికీని వెలుగుకు పట్టి చూడటానికి లేదు, ఫిల్ము ఎక్కి ఉంది. తుడిచిన చేతినే నమ్ముకుంది. డాబా ఆ చివర మాసమ్మ గొంతుక్కూర్చుని, "దా బిడ్డ, అవ్వ కాడికి దా" అని పిలిచింది.

సంధ్య లేచింది. నాలుగడుగులు వేసింది. ఎడమ మోకాలు చాచుకోవడం లేదు, మడమ నేలకు ఆనడం లేదు. నడుమ ఆగి తల్లి వైపు చేతులు చాచి, "అమ్మా నొస్తుంది, ఎత్తుకో" అని ఏడ్చింది.

చంద్రిక ఒళ్ళంతా ఆ పిల్ల వైపు వంగింది. వేలు మాత్రం బటను మీదనుంచి లేవలేదు. మాసమ్మ లేవబోయింది.

"ఎత్తకు అత్తమ్మ. జర ఆగు" అంది చంద్రిక, కన్ను కెమెరాకు ఆనించే ఉంచి. "నడువు సంధ్యా. అవ్వ కాడిదాంక నడువు, నా తల్లివి కద."

పిల్ల ఏడుస్తూనే నడిచింది. కెమెరా గర్రుమంటూనే ఉంది. ఫిల్ము అయిపోయి చప్పుడు మారాక చంద్రిక కెమెరాను బొంత మీద పెట్టి, ఒక్క అంగలో వెళ్ళి కూతుర్ని ఎత్తుకుంది. చాలాసేపు దించలేదు.

చిక్కడపల్లిలో మూతపడుతున్న ఫోటో స్టూడియో నుంచి ఫిల్ము కడిగే మందుపొడులు తెచ్చి, కిటికీ లేని స్నానాలగదిలో బుగ్గయ్యే ఫిల్ము కడిగాడు. తలుపు సందుల్లో గోనెపట్టాలు కూరింది చంద్రిక. ఆరిన ఫిల్మును జైపాల్ దీపానికి పట్టి చూశాడు. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా, కందిగింజంత బొమ్మలు.

"మంచిగుంది. దీన్ని ఏ టాకీసుల ఆడిస్తవు?"

బుగ్గయ్య దగ్గర ప్రొజెక్టరు ఎప్పుడో పాతసామానుకు పోయింది. చంద్రిక మాత్రం దానికి జవాబు ముందే ఆలోచించి పెట్టుకుంది. డాక్టరు గారి గదిలో గోడకు ఒక తెల్లటి దీపం పెట్టె ఉంటుంది. ఎక్స్‌రేలు దాని మీదే పెట్టి చూస్తాడు.

ఆ సాయంత్రం డాక్టరు గారు ఫిల్మును దీపం పెట్టె మీద సాగదీసి, అంచులకు క్లిప్పులు పెట్టి, భూతద్దం తీసుకున్నాడు. "అంత ఉల్టా ఉంటది సార్" అంది చంద్రిక భయపడుతూ.

"మేం దినాం చూసేది ఉల్టానే గదమ్మా." భూతద్దం కొంచెం కొంచెంగా జరిగింది. "ఈ వరుసల ప్రతి బొమ్మకు కాళ్ళ కాడ ఏందిది, మచ్చ?"

"కుంకుమ సార్. మా అత్తమ్మ దసరాకు పెట్టింది."

ఆయన పెదవులు కదిలాయి. అంతలోనే భూతద్దం పక్క వరుస మీదికి వెళ్ళి నిలిచిపోయింది. ఒక బొమ్మ, దాని కింది బొమ్మ, దాని కింది బొమ్మ. తల పక్కకు వాల్చి మళ్ళీ మొదటినుంచి చూశాడు. గదిలో సంధ్య బల్ల మీది గంట నొక్కింది. ఎవరూ వద్దనలేదు.

"మోకాలు మొత్తం చాస్తలేదు. మడమ అసలు ఆనుతనే లేదు." ఆయన కుర్చీ చంద్రిక వైపు తిప్పాడు. "పొద్దున వేడిగుంటదన్నవు. ఎంతసేపుంటది? ఇంకో కాలు? చేతివేళ్ళు? జరమొస్తదా?"

అడిగినదానికల్లా ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు. రక్తపరీక్షలు రాశాడు. పిల్లల కీళ్ళ జబ్బులు చూసే ఇంకో డాక్టరు పేరు రాశాడు. "కీళ్ళ వాపు అనుకుంటున్న, పరీక్షలు చూసి చెప్పాలె. కాలు బిగుసుకపోకముందే తెచ్చినవు. ఈ ఫిల్ము నువ్వే పట్టుకపో, ఆయనకు చూపియ్యి. మందులు మొదలుపెట్టినంక ఇట్లనే ఇంకోటి తీస్తే, రెండు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు."

బయటికి వచ్చాక ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్కులో ఆటో ఆగింది. జైపాల్ ఈసారి వెనక్కి తిరిగాడు. కూతురి మోకాలి వైపు చూశాడు, పెళ్ళాం మొహం వైపు చూడలేకపోయాడు.

"ఆ ఫిల్ము చుట్ట ఇంకోటి యాడ దొరుకుతది?"

"తెల్వది. వెతకాలె."

"నేను వెతుకుత" అని, హారన్లు మోగుతుంటే ముందుకు తిరిగాడు.

ఇంటికి వచ్చి పిల్లను పడుకోబెట్టి, చంద్రిక డబ్బాలోంచి కెమెరా తీసింది. మూత తెరిచి, ఖాళీగా ఉన్న ఉక్కు కిటికీని బల్బు వెలుగుకు పట్టింది. మాసమ్మ భుజం మీదినుంచి తొంగిచూసి, "ఇప్పుడు సాఫుగుందా?" అని అడిగింది.

"ఉంది అత్తమ్మ."

"వచ్చే దసరాకు డబ్బాకు పెడత" అంది మాసమ్మ.