మావయ్య రాసిన తొమ్మిది విండోలు

కంటి ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో పొద్దున్నే తలుపు తీసేది మావయ్య. ఆయన వెనకే మరో ముగ్గురు మావయ్యలు వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునేవారు.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆసుపత్రి ప్రోగ్రాం అంతా రాసింది ఆయనే. పేషంటు పేరు నమోదుకి ఒక విండో, చూపు పరీక్షకి ఒకటి, కళ్ళజోడుకి ఒకటి, అలా తొమ్మిది. అన్నింట్లోనూ అవే పెట్టెలు, అవే బటన్లు, అదే కోడు. ఒకదాన్ని చూస్తూ ఇంకోటి మళ్ళీ మొదటి అక్షరం నుంచి కొట్టేవాడు. విండో పెరిగినప్పుడల్లా ఆయనా ఒకరు పెరిగి, చివరికి తొమ్మిదిమంది అయ్యారు. నలుగురు ఆఫీసుకొస్తే, నలుగురు బయటి పనులు చక్కబెట్టేవారు. పక్షవాతంతో మంచం పట్టిన అత్తయ్య పక్కన ఎప్పుడూ ఒకరుండేవారు. "మీ ఆయన్లలో ఇవాళ ఇంట్లో ఉన్నదెవరు?" అని పక్కింటావిడ అడిగేది, కూర ధర అడిగినట్టు.

మేనకోడలికి ఓనమాలు దిద్దించినట్టు పైథాన్ నేర్పి, అదే ఆఫీసులో పెట్టించింది కూడా ఆయనే.

ఒకసారి ఆసుపత్రివాళ్ళు తేదీలు రాసే పద్ధతి మార్చమన్నారు. మావయ్య ఎనిమిది చోట్ల మార్చి తొమ్మిదోది మరిచాడు. ఒక ముసలాయన ఆపరేషన్‌కి నెల ఆలస్యంగా వచ్చాడు. మేనేజరు అందర్నీ పిలిచి, "ఒకే కోడు తొమ్మిదిసార్లా? దీన్ని తగ్గించేవాళ్ళే లేరా?" అన్నాడు.

మేనకోడలు చెయ్యెత్తింది. ఎత్తాక అత్తయ్య గుర్తుకొచ్చింది. అయినా దించలేదు.

నాలుగు రోజుల్లో విండోలన్నిటికీ ఒకే అచ్చు తయారుచేసింది. పెట్టెలు, బటన్లు, తేదీలు అన్నీ అందులోనే. ఏ విండోకి ఏది వేరో అదొక్కటే విడిగా. మూడు వేల లైన్లు నాలుగొందలకి దిగాయి.

"పాతవి తీసెయ్యనా మావయ్యా?"

ఆయన స్క్రీను మీది కోడు పైనుంచి కిందికి చదివాడు. "తీసెయ్యమ్మా. ఇదే సరైన పద్ధతి."

తీసేసింది. మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసింది. అత్తయ్య మంచం మీంచి పడి రెండు గంటలు నేల మీదే ఉందట, లేపే దిక్కు లేక.

మావయ్య ఆమెని తప్పుపట్టలేదు. "ఈ పద్ధతి నేను ముందే నేర్చుకోవాల్సింది" అన్నాడంతే. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

మావయ్యల్లో ఒకరైనా తిరిగొస్తారేమోనని పాత విండో ఒకటి తెచ్చి అతికించి చూసింది. ఎవరూ రాలేదు. చేత్తోనే రాయాలి కాబోలనుకుని, ఆ చూపు పరీక్ష విండోని అక్షరం అక్షరం కొట్టింది. మూడో రోజుకి పూర్తయింది. పక్క కుర్చీలో కదలిక వినిపించి మావయ్యా అని తిరిగి చూస్తే, కూర్చున్నది తనే.

"అత్తయ్య దగ్గరికి నేను వెళ్తాలే" అని ఆ రెండోది లేచి చెప్పులు వేసుకుంది.

నెల తిరక్కుండా మేనేజరు పిలిచాడు. "నిన్ను టీం లీడర్‌ని చేద్దామనుకుంటే, చూపు పరీక్ష విండో రెండుసార్లు ఉందేంటి? తీసెయ్."

"ఉండనివ్వండి సార్."

"దేనికి?"

"మా అత్తయ్యకి కావాలి."

మేనేజరు లీడర్ కుర్చీ ఇంకొకరికి ఇచ్చాడు. అప్పట్నుంచీ ఏ మార్పొచ్చినా ఆమె రెండు చోట్లా మార్చి, రెండేసిసార్లు చూసుకునేది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్ళింది. మంచానికి అటొకరు, ఇటొకరు నిలబడితే అత్తయ్య మార్చి మార్చి చూసింది.

"నన్ను నేల మీద పడేసింది మీలో ఎవరే?"

"నేనే" అన్నారిద్దరూ.

"సరే, చెరో చెయ్యీ పట్టండి. కాసేపు కూర్చుంటాను."