ముప్పావులో సగం

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. ఈ ఇంట్లో ఆ ఇద్దరూ ఎప్పుడూ తల్లీకూతుళ్ళే. మేడ మీద తీగ నుంచి లాగగానే ఆరిన దుప్పటి ఒక్కసారి గాలి మింగి ఉబ్బుతుంది. దాని వెనక కూతురు మాయమైపోతుంది. ఎండ గుడ్డలోంచి వడకట్టుకుని పాలరంగులో దిగుతుంది. ఆ తెల్లటి వెలుగులో తల్లికి తన వయసెంతో, పొయ్యి మీద ఏం పెట్టి వచ్చిందో ఏదీ గుర్తుండదు. ఎక్కడో మబ్బుల మధ్య తేలుతున్నట్టు ఉంటుంది. అంతలో అవతలి నుంచి "అమ్మా, సగం!" అని వినపడుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తారు. "సగంలో సగం!" మళ్ళీ నడుస్తారు. "పావు!" వేళ్ళకు వేళ్ళు తగులుతాయి. భిన్నాల పాఠం అయిపోయింది, దుప్పటి కూడా అయిపోయింది.

బడి పిల్లలకు ఇంటిపని సాయంత్రం మొదలవుతుంది. గువ్వకు మాత్రం తల్లి ఇంటిపనితో పాటే తెల్లారగానే మొదలవుతుంది. పాలు కాగుతుంటే ఆవిరి సంగతి, గిన్నెలు తోముతుంటే మూతను చంద్రుణ్ణి చేసి గ్రహణం సంగతి. ఇదేదో గొప్ప బోధనా పద్ధతి అనుకుంటే పొరపాటు. పాఠానికి విడిగా కూర్చునే తీరిక ఆమెకు లేదు, అంతే. "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయే కదా" అన్నాడు ఇంటాయన, పిల్లను బడి మాన్పించిన రోజున. ఖాళీ నిజమే. ఖాళీ బిందెలు, ఖాళీ డబ్బాలు, ఖాళీ బకెట్లు. అన్నిటినీ నింపాల్సింది ఆమే.

గువ్వ బడిలో మాట్లాడటం మానేసింది. వెనక వరసలో కూర్చుని కూర్చుని ఇంటికొచ్చినా వెనక వరసలోనే ఉన్నట్టు ఉండేది. అందుకే మాన్పించింది తల్లి. ఇప్పుడు గువ్వ మాట్లాడుతుంది, ఆపితే ఆగదు. కానీ మాటలు లెక్కలోకి రావట. "పిల్లని దగ్గరుంచుకుని నీ ముచ్చట తీర్చుకుంటున్నావు" అంది అత్తగారు ఫోన్లో. ఒకప్పుడు తల్లి ఒక ఆఫీసులో పటాలు గీసేది. ఊళ్ళకు ఊళ్ళు ఆమె చేతి కింద నుంచి గీతలై పాకేవి. ఇప్పుడు కూరగాయల పీట ముందు కూర్చుని, నా దారే నాకు తెలియదు, దీనికేం దారి చూపిస్తున్నాను అనుకుంటుంది. బడిలో అయితే ఎక్కాలన్నీ వచ్చేసేవేమో. వరసగా, గబగబా, ఎవరు లేపి అడిగినా. పిల్ల బతుకు నా చేతుల్లో నానుతున్న బట్టలా అయిపోతోందేమో.

ఈ "ఏమో"ల మీద తీర్పు చెప్పడానికే ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. బడిపంతులమ్మ. "అక్క సరేనంటే ఇలాగే సాగనిద్దాం. పెదవి విరిచిందా, మర్నాడే బడిలో వేసేద్దాం" అని ఇంటాయన ముందే తేల్చేశాడు.

"ఏమే గువ్వా, మీ అమ్మ లెక్కలేమన్నా చెబుతోందా, లేక లెక్కలేనట్టు వదిలేసిందా?" అంటూ ఆడపడుచు కుర్చీ లాక్కుంది. "చెప్పు, ముప్పావులో సగం ఎంత?"

గువ్వ నోరు తెరవలేదు. తల్లి ఆడపడుచుకు టీ అందించి, ట్రేతో అక్కడే నిలబడిపోయింది. మళ్ళీ వెనక వరసలోకి వెళ్ళిపోతోందా పిల్ల?

"ఇదీ సంగతి అక్కా. చూశావుగా" అన్నాడు ఇంటాయన.

"ఉండవోయ్. మాటైనా పెగలాలిగా" అంది ఆడపడుచు.

అప్పుడు తల్లికి బల్ల కింద గువ్వ చేతులు కనిపించాయి. గాలిలో రెండు చివరలు పట్టుకున్నట్టు విడివడి, దగ్గరికొచ్చి, మళ్ళీ విడివడుతున్నాయి. తప్పంతా తనదే! నిలబడే తప్ప కూర్చుని లెక్క చెయ్యడం పిల్లకు ఎన్నడూ నేర్పలేదు.

"అత్తా, దుప్పటి తెచ్చుకోనా?" అంది గువ్వ.

"ఏం తల్లీ, చలేస్తోందా?" అని ఇంటాయన పకపకా నవ్వాడు.

గువ్వ దుప్పటి తెచ్చి ఒక చివర తండ్రి చేతిలో పెట్టింది. ఆయన రెండు మూలలూ ఒక్క చేత్తోనే పట్టుకుని, అదేదో పడవ తాడైనట్టు లాగాడు. దుప్పటి మెలితిరిగింది.

"అయ్యో, లాగకు నాన్నా! ఎదురు నడవాలి."

"ఎటు?"

"నా వైపు!"

ఆయన నడిచాడు, ముందు అటూ, తర్వాత ఇటూ. నాలుగు మడతలయ్యాక గువ్వ ఒకదాన్ని విప్పి పక్కకు జార్చింది. "ఇదిగో ముప్పావు. ఒక్కో పావునీ సగం చేస్తే దుప్పటి మొత్తానికి ఎనిమిది ముక్కలు. ముప్పావులో ఆరు, వాటిలో సగం మూడు. ఎనిమిదింట మూడు వంతులు అత్తా!"

ఆడపడుచు కళ్ళద్దాలు పైకి తోసుకుంది. ఆ తర్వాత ఎక్కాలు, భూమి తిరగడం, వాన కురవడం అన్నీ అడిగింది. గువ్వ లేచి నిలబడి, నడిచి, చేతులు తిప్పి చెబుతూనే ఉంది. చివరికి ఆడపడుచు తేల్చేసింది: "మా పిల్లలకంటే నయంరా! ఇలాగే సాగనీ. బుర్ర మాత్రం అచ్చం నీదే తమ్ముడూ."

ఇంటాయన ఛాతీ దుప్పటిలా ఉబ్బింది. తల్లి మనసులో అనుకుంది: నెగ్గాం. బుర్ర ఎవరిదైతేనేం. గదంతా మళ్ళీ పాలరంగు వెలుగుతో నిండినట్టూ, తన కాళ్ళు నేలకు ఆననట్టూ అనిపించింది.

అంతలో ఇంటాయన, అక్క వైపే చూస్తూ, మాట ఆపకుండానే, ఖాళీ గ్లాసున్న చెయ్యి పక్కకు చాపాడు.

దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఇంకా వాన సంగతి చెబుతున్న గువ్వ, మాట మధ్యలో ఆపి, దుప్పటి వదిలేసి గ్లాసు అందుకోవడానికి లేచింది. తండ్రి అడగలేదు. తల్లి చెప్పలేదు. అడుగు తడబడలేదు, ఆలోచన పట్టలేదు, దుప్పటి అక్కర్లేకపోయింది. ఎక్కం అంటే అదీ.

తల్లికి పాలరంగంతా విరిగిపోయింది. ఇది ఎప్పుడు నేర్పాను? లవం పైన ఉంటుంది, హారం కింద ఉండి మోస్తుంది అని చెప్పినప్పుడు "నీలాగానా అమ్మా?" అంటే నవ్వేసి ఊరుకుందే, ఆ రోజా? ఆవిరి గురించి, చంద్రుడి గురించి నోటితో చెబుతూ పోయింది. మిగతాదంతా చేతులు చెప్పేశాయి. పిల్లకు ఏం రాదోనని ఇన్నాళ్ళు భయపడింది గానీ, ఏం వచ్చేసిందో చూసుకోలేదు.

"కూర్చో గువ్వా" అంది. "వాన సంగతి సగంలో ఆపావు. అత్త వింటోంది."

గువ్వ కూర్చుంది. గ్లాసు గాలిలో అలాగే ఉంది. తల్లి, ట్రే బల్ల మీద పెట్టి, తను కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీళ్ళూ..." అన్నాడు ఇంటాయన, ఈసారి ఆమె వైపు తిరిగి.

"వంటింట్లో ఉన్నాయండీ. ఎదురు నడవాలి."

ఆయన గ్లాసు వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. అక్క టీ చల్లారిందో లేదో చాలా శ్రద్ధగా పరీక్షిస్తోంది.

గువ్వ తల్లి చెవి దగ్గరికి జరిగింది. "నాన్నకి రావట్లేదమ్మా. చెప్పెయ్యనా?"

"వద్దు" అంది తల్లి. "ఆలోచించుకోనీ."