తాడు లేని కొండ

దూరపు కొండలు నునుపంటారు పెద్దలు. దగ్గరికి వెళ్తే రాళ్ళూ ముళ్ళూ బయటపడతాయని వాళ్ళ ఉద్దేశం. నేనెక్కిన కొండ మాత్రం దగ్గరికి వెళ్ళినా నునుపుగానే ఉంది. కొంప మునిగింది అక్కడే.

అప్పుడు నేను పరాయి దేశంలో అద్దాల మేడలు తుడిచే పనిలో ఉన్నాను. ఆ మేడలు ఎంత ఎత్తంటే, పై అంతస్తు దగ్గర బకెట్లోంచి చుక్క జారితే నేల చేరేలోపే ఆరిపోయేది. ఓసారి ఒక గద్ద ఆయాసపడుతూ వచ్చి నా భుజం మీద కూర్చుని, కాసేపు సేదతీరి, మళ్ళీ ఎగిరిపోయింది. నమ్మకపోతే మానెయ్యండి, గద్దకు పోయేదేమీ లేదు.

ఏళ్ళ తరబడి తాడు మీద వేలాడాక మోకాళ్ళు మొరాయించాయి. దాంతో నన్ను మేడపైనే ఉండి తాళ్ళు చూసుకునే పనికి మార్చారు. పనితోపాటు గదీ మారింది. కొత్త గదిలో నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకడు డాక్టరు. చదివింది పదో తరగతే గానీ, దిండు కింద అన్ని జబ్బులకూ మాత్రలు దాచుకుంటాడు గనక ఆ పేరు. రెండోవాడు బావ. ఎవరి అక్కచెల్లెళ్ళనూ చేసుకోకుండానే ఊరందరికీ బావైపోయాడు. పనిలో వాళ్ళిద్దరూ తాళ్ళ మీద, నేను పైన.

ఆ పనికి ఒక పద్ధతుంది. పిట్టగోడ దాటి నిలబడ్డ మనిషి వెనక్కి వాలే ముందు "వాలనా?" అని అడుగుతాడు. పైనున్నవాడు ముడి సరిచూసి "ఉంది!" అంటాడు. ఆ మాట చెవిన పడగానే కిందివాడు కాళ్ళు గోడకు తన్నిపెట్టి, పడక్కుర్చీలో చేరబడ్డట్టు గాల్లోకి వాలిపోతాడు. వెనక్కి తిరిగి చూడడు. పైవాడు చెప్పందే వాలకూడదు, పైవాడు తప్ప ఇంకెవరు చెప్పినా వినకూడదు. రోజంతా కోతలు కోసే నా నోటి నుంచి వచ్చే ఒకే ఒక్క నిజం ఆ మాట. బావ దాని మీదే ప్రాణం పెట్టి వాలేవాడు.

కొండెక్కుదామని లేవదీసింది కూడా అతనే. ఓ సాయంత్రం అన్నాల దగ్గర, నేను కొండమీద పులి తోక పట్టుకుని గిరగిరా తిప్పిన సంగతి చెబుతున్నాను.

"అయితే రేపు సెలవేగా పెద్దన్నా. పద, మాకూ ఓ తోక చూపిద్దువుగాని," అన్నాడు బావ.

"ఈ దేశంలో పులులు లేవురా."

"పులి లేకపోతే పోయె, కొండుందిగా."

"నా మోకాళ్ళు సహకరించవు."

"మాత్ర ఉంది," అన్నాడు డాక్టరు, అప్పుడే దిండు కింద చెయ్యి పెట్టేసి.

మా ఊరి చుట్టుపక్కల గడ్డివాముకు మించిన ఎత్తు లేదని వాళ్ళకు ఎలా చెప్పను? మింగలేకా కక్కలేకా బయల్దేరాను.

ఎక్కడం వరకు పరవాలేదు. పైన కూర్చుని రొట్టెలు తింటుంటే, నేను ఒక చేత్తో గడ్డిదుబ్బు పట్టుకునే తిన్నాను.

"ఏంటి పెద్దన్నా, కొండ ఎగిరిపోతుందనా?" అని నవ్వాడు బావ.

నవ్వాను గానీ దుబ్బు వదల్లేదు. మేడ మీద నన్ను పట్టుకున్నది తాడని నాకు తెలుసు. ఇక్కడ నన్ను పట్టుకున్నది నేనే. నా మీద నాకంత నమ్మకం లేదు.

దిగేటప్పుడు మబ్బు కమ్మింది. పదిహేను అడుగుల అవతల లోకం లేదు. దారికి అడ్డంగా ఒక పెద్ద బండ ఉంది. వచ్చేటప్పుడు పొడిగా ఉన్నది, ఇప్పుడు ఆముదం రాసినట్టు మెరుస్తోంది. నా కాలు తగిలి ఓ రాయి దాని మీదుగా జారిపోయింది. అది అడుగున పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఆ చప్పుడు రానే లేదు.

"నేను ముందెళ్తా. నా అడుగులు చూసి రండి," అని బావ బండకేసి ముఖం పెట్టి అడ్డంగా నడిచాడు. సగం దాటాక కాలు చిన్నగా జారింది. నేలమీద నడిచేవాడెవడైనా ముందుకు వంగి రాయిని కరుచుకుంటాడు. బావ ఒళ్ళు తనకు తెలిసిన పని తాను చేసింది. వెనక్కి వాలింది.

జర్రున జారాడు. రెండు నిలువుల కింద జానెడు అంచు ఉండబట్టి కాళ్ళు దాని మీద ఆగాయి.

"బావా!"

వంగి చూశాను. నుదురు రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని, వేళ్ళు పగుల్లో దూర్చి నిలబడ్డాడు. చూస్తుండగానే కుడిచెయ్యి రాతిని వదిలి నడుము దగ్గరికి వెళ్ళింది. తడుముతోంది. పనిలో తాడు వదలడానికి నొక్కే బ్రేకు బెల్టుకు ఉండేది సరిగ్గా అక్కడే.

అప్పుడు కింద నుంచి, మేడ మీద వినిపించే నిదానమైన గొంతే వినిపించింది.

"వాలనా?"

నా పక్కన డాక్టరు "ఉం..." అనేశాడు. నా అరచెయ్యి పోయి వాడి నోటి మీద పడింది. వాణ్ణి అనాల్సిన పని లేదు, నా నాలుక చివరకూ అదే మాట వచ్చి కూర్చుంది.

"లేదు!" అని అరిచాను. "వాలకు బావా! తాడు లేదు!"

"ఎకసెక్కాలొద్దు పెద్దన్నా. చేతులు లాగేస్తున్నాయి. ముడి చూశావా?"

"ముడీ లేదు, తాడూ లేదు! కొండ మీదున్నాం మనం. నీ మీద ఒట్టు!"

"పులి తోక్కీ ఒట్టేశావుగా," అని నవ్వాడు. ఆ కాస్త నవ్వుకే వాడి నడుము రాతి నుంచి ఎడంగా జరిగింది.

"నిజంరా బావా, నేను చెబుతున్నా!" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"నువ్వు కాదు. పైవాడు చెప్పాలి."

భయం వాడి మతిని ఎత్తుకెళ్ళి మేడ మీద పెట్టేసింది. అక్కడి నుంచి దించడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, నా మాటకేమో విలువ లేదు. ఇంకోసారి అడిగితే జవాబు కోసం ఆగుతాడో ఆగడో.

"ముడి చూస్తున్నా. నేను వచ్చేదాకా కదలకు," అన్నాను.

బండ అంచున గడ్డి మొలిచిన చీలిక ఒకటి కిందికి దిగుతోంది. దాంట్లో వేళ్ళు దూర్చి, పొట్ట రాతికి అంటించి, బల్లిలా దిగాను. కాలు కిందికి చాపిన ప్రతిసారీ అడుగు ఉంటుందో ఉండదో. చెమటా మబ్బు తడీ కలిసి కళ్ళలో పడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యేదీ?

అంచు మీదికి చేరి, తడుముతున్న వాడి చెయ్యి పట్టుకుని వాడి నడుము చుట్టూ తిప్పాను.

"చూడు. బెల్టేది? బకెట్టేది? అద్దమేది?"

చొక్కా తగిలింది. చొక్కా కింద ఒళ్ళు తగిలింది. కళ్ళు తెరిచాడు. కాళ్ళ కింద తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ముందు మోకాళ్ళు, తరవాత భుజాలు, ఆ తరవాత పళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఉడుంలా రాతిని పట్టేశాడు.

"పెద్దన్నా... నేను చచ్చిపోతా."

ఆ వణుకు చూశాక నాకు ఊపిరొచ్చింది. భయపడ్డాడు, ఇక బతుకుతాడు.

నా భుజం మీద కాలు పెట్టించి చీలికలోకి ఎక్కించాను. పైన డాక్టరు బోర్లా పడుకుని చెయ్యి అందించాడు. పాదాలు కొట్టుకుంటూ, గడ్డి రాలుస్తూ వాడు మబ్బులోకి వెళ్ళిపోయాడు.

అంచు మీద నేనొక్కణ్ణే మిగిలాను. పిక్కలు పట్టేశాయి. వేళ్ళు నావి కానట్టు మొద్దుబారాయి. వీపు వెనక మబ్బు దూదిపరుపులా మెత్తగా కనిపిస్తోంది. కాసేపు చేరబడితే ఎంత సుఖం!

"వాలనా?"

ఎవరి గొంతో అనుకున్నాను. నాదే.

నా ఎడమచెయ్యి రాతిని వదిలేసి ఉంది. ఎప్పుడు వదిలిందో తెలీదు.

"లేదు!" బావ గొంతు చిరిగిపోయేలా అరిచాడు. "లేదు పెద్దన్నా! తాడు లేదు! లేదు, లేదు, లేదు..."

నా వేళ్ళు మళ్ళీ చీలికలో దిగేదాకా, డాక్టరు చెయ్యి నా మణికట్టును పట్టేదాకా ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాడు.

ఆ తరవాత ముగ్గురం నిలబడి నడవలేదు. బస్సు రోడ్డు దాకా కూర్చునే, జరుగుతూ జరుగుతూ దిగాం. కిందికి చేరేసరికి నా ప్యాంటు వెనకభాగం మొత్తం ఆ కొండ తీసేసుకుంది. బావ నా చొక్కా వదల్లేదు. నేను ముందున్న డాక్టరు కాలరు వదల్లేదు. డాక్టరుకు పట్టుకోవడానికి ముందెవరూ లేరు పాపం, దారిలో ఉన్న ప్రతి గడ్డిపోచనూ పట్టుకుని లాగి, గట్టిగా ఉందో లేదో చూసుకుంటూ దిగాడు.