దిగుడు మిట్ట

కిన్నెరసాని ఒడ్డున సైకిళ్ల కోసం వేసిన బాట నాలుగు కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లు టేకుచెట్ల నీడలో చదునుగా సాగి, ఆఖరి కిలోమీటరులో మూడు ఎత్తులు ఎక్కుతుంది. మూడోది ఏటి మలుపు పక్కన నిటారుగా లేస్తుంది. అక్కడ ఎవరైనా దిగి సైకిల్ తోసుకుపోవాల్సిందే. అందుకే దానికి దిగుడు మిట్ట అని పేరు పడింది.

బిచ్యా ములకలపల్లి వైపు కరెంటు లైన్‌మన్. నలభై దాటాయి. భార్య సోని అంగన్‌వాడీ టీచర్. షుగర్ వచ్చేలా ఉంది, ఒళ్లు కదలాలని డాక్టరు చెప్పాక ఆమెకు సైకిల్ నేర్పింది బిచ్యానే. తండా బయట పత్తిచేల దారిలో నెలరోజులు సీటు పట్టుకుని వెంట పరుగెత్తాడు. మోకాళ్లు చెక్కుకుపోతే పసుపు కూడా తనే రాశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బిచ్యా మోటారుబండి మీద ఏటి బాటకు వెళ్లి, గేటు దగ్గర భాస్కర్ షెడ్డులో సైకిళ్లు కిరాయికి తీసుకునేవారు. ఏడాదిపాటు బిచ్యానే ముందు. ప్రతి ఎత్తు మీదా ఆగి, మెల్లగా రమ్మని కిందికి కేకేసేవాడు. ఆ కేక వేయడం తనకెంత ఇష్టమో అప్పటికి అతనికే తెలియదు.

కార్తీకంలో ఒక ఆదివారం అతను దిగుడు మిట్ట సగంలో ఎప్పటిలాగే దిగాడు. సోని దిగలేదు. చున్నీ నడుముకు చుట్టి, సీటు మీంచి లేచి తొక్కుతూ అతన్ని దాటిపోయింది. అతను ఆయాసపడుతూ పైకి చేరేసరికి బండ మీద కూర్చుని నీళ్లసీసా చాపింది.

భాస్కర్ ఆ సంగతి విని షెడ్డు గోడ మీద సుద్దతో, మిట్ట దిగకుండా ఎక్కిందని ఆమె పేరు రాశాడు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సబ్‌స్టేషన్‌లో తోటివాళ్లు, మీ ఇంటామె ఎక్కిందట, నువ్వెప్పుడు ఎక్కుతవని అడిగారు. నేర్పింది నేనే అని బిచ్యా నవ్వాడు. ఆ మాట వారంలో ఐదారుసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి వెంటనే మూసేశాడు. ఇంట్లో ఆమె కూనిరాగం తీస్తూ రొట్టెలు చేస్తుంటే కూడా చూడలేకపోయాడు. చివరికి అదంతా ఆమె రోజూ తీసుకునే నీలం సైకిల్ మహిమేనని మనసుకు చెప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం సోని గేటు దగ్గర భాస్కర్‌తో మాట్లాడుతుండగా బిచ్యా షెడ్డులోకి వెళ్లాడు. నీలం సైకిల్ తను తీసుకున్నాడు. మూలన ఉన్న ఎర్ర సైకిల్ ఆమెకు తెచ్చాడు. అది రిపేరుకని భాస్కర్ పక్కన పెట్టిన సైకిల్. గట్టిగా తొక్కితే చైను జారుతుంది. నెల కింద అది బిచ్యా కాళ్ల కిందే జారింది. సోని ఒకసారి అతని వంక చూసి ఎక్కింది.

మిట్ట దగ్గర నీలం సైకిల్ మీద కూడా అతను పాత చోటే దిగాడు. సోని మళ్లీ దాటింది. ఇంకో పది గజాలైతే పైకి చేరేదే. చైను జారి పెడల్ ఒట్టిగా తిరిగింది. ఆమె ఎడమచెయ్యి కింద పెట్టి రాళ్ల మీద పడింది.

మణికట్టు ఎముక విరిగిందని దవాఖానాలో కట్టు కట్టారు. అడిగినవాళ్లందరికీ తనే జారిపడ్డానని సోని చెప్పింది. ఆ మాట వినలేక మూడోరోజు చాయ్ ఇస్తూ బిచ్యా జరిగింది చెప్పేశాడు, చైను సంగతి తనకు ముందే తెలుసని.

వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. సోని మాత్రం గ్లాసు కింద పెట్టి, ఆఫీసువాళ్లను అడిగినట్టు తెలుగులో అడిగింది.

"నేను పడాల్నని ఇచ్చినవా?"

"పడాల్నని కాదు," అన్నాడు బిచ్యా. "దిగాల్నని."

ఆమె గ్లాసు అక్కడే వదిలేసి లేచిపోయింది. కట్టు ఉన్నన్నాళ్లూ అతను వంట చేశాడు, ఇల్లు ఊడ్చాడు, ఆమెకు జడ కూడా వేశాడు. ఆమె ఆ జడ విప్పుకుని పక్కింటి చాంది దగ్గరికి వెళ్లి మళ్లీ వేయించుకునేది.

కట్టు విప్పిన తర్వాతి ఆదివారం ఆమె తయారై నిలబడింది. తను రావాలా అని అడిగాడు. చెయ్యి ఇంకా గట్టిపడలేదు, మోటారుబండి నడపడానికైనా రావాలి కదా అంది. షెడ్డులో రెండు సైకిళ్ల చైన్లూ తనే నొక్కి చూసుకుంది. మిట్ట సగంలో మణికట్టు గుంజడంతో సోని దిగింది. అప్పటికే దిగి ఉన్న బిచ్యా తల వంచుకున్నాడు.

"నువ్వు దిగితే నాకు పానం నిమ్మళమైంది," అన్నాడు. "సిగ్గైతుంది గాని, గదే నిజం."

"ఎర్కే. నీ మొకంలనే కనపడ్డది," అంది సోని. తన సైకిల్ కూడా అతని చేతికిచ్చి ముందుకు నడిచింది. రెండింటినీ ఒక్కడే తోయడం కష్టమైంది. ఆమె ఆగలేదు.

ఉగాదికి ముందు ఆమె మళ్లీ దిగకుండా ఎక్కింది. బిచ్యా ఇప్పటికీ సగంలోనే దిగుతాడు. ఆమె ఎక్కుతుంటే కడుపుమంట ఇంకా కొంచెం ఉంది. ఉన్నరోజు ఆమెకు చెప్తాడు. ఆమె విని, ఆ రోజు షెడ్డులోంచి సైకిళ్లు తనే ఎంచి తెస్తుంది.