కేక పెట్టని తూకం

కాటా పళ్ళెం మీద నిన్నటి చింతపండు జిగురు అలాగే ఉంది. ఖాజాసాబ్ గోనె పీలికను నీళ్ళలో ముంచి పిండి, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతున్నాడు. రోజూ చేసే పనే. ముందు పళ్ళెం తుడవాలి. తర్వాత కాటా నాలుగు కాళ్ళూ నేలకు సమంగా ఆనాయో లేదో చూడాలి. ఆ తర్వాత స్విచ్చి వేసి, ఎర్ర అంకెలు సున్నా దగ్గర కుదురుకునేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా హిందూపురం చింతపండు మార్కెట్లో ఆయన రోజు ఇలాగే మొదలవుతోంది. ఇవాళ మాత్రం రుద్దిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. ఎదురుగా షెడ్డు స్తంభానికి ఎవరో కొత్త పోస్టరు అంటించి పోయారు.

రెండవ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఛాంపియన్‌షిప్. అరవై ఒక్క కిలోల టైటిల్ పోరు. కింద నిర్వాహకుడిగా మురళీధర్ పేరు, చేతులు జోడించిన ఫొటో. మధ్యలో పోయినేడాది పోటీ ఫొటో ఉంది. బెంగళూరు మనిషి ఒకడు ఇంకొకణ్ణి తలకిందులుగా నెత్తికి ఎత్తుకుని ఉన్నాడు. ఎత్తబడినవాడి మొహం కనిపించదు, రెండు అరికాళ్ళు మాత్రం కనిపిస్తాయి. ఆ కాళ్ళు ధర్మవరం పృథ్వీవి. ఏడాదిగా పెనుకొండలో అక్క ఇంట్లో మంచాన పడి, మాట పోయి, కుడి పక్క పోయి, ఎడమ చెయ్యి ఒక్కటి ఆడిస్తున్న పృథ్వీవి.

"థూ! సిగ్గులేని నా కొడుకులు," అన్నాడు ఖాజాసాబ్. బకెట్లో మిగిలిన మురికి నీళ్ళు ఎత్తి పోస్టరు మీద కొట్టాడు. కాగితం తడిసింది గానీ ఊడి రాలేదు.

సోమవారం. పరిగి నుంచి, నల్లచెరువు నుంచి బండ్లు దిగుతున్నాయి. ఖాజాసాబ్ పొట్టి మనిషి. కుర్రతనంలో పదేళ్ళు మూటలు మోశాడు. ఎడమ భుజం మీద ఇప్పటికీ కాయ కాసి ఉంది. అరచేతుల పగుళ్ళలో చింతపండు నలుపు ఏ సబ్బుకూ పోదు. భార్య జమ్రూద్ శుక్రవారం శుక్రవారం నిమ్మచెక్క పెట్టి తోమి, విసుగొచ్చి వదిలేస్తుంది. చూడ్డానికి ఏముంది ఆయనలో? ఏమీ లేదు. గొంతు ఉంది. సంచి పళ్ళెం మీద పడగానే ఆయన తూకాన్ని కేకేసి చెబుతాడు. మొదటి సంచికి ఒకటి అనడు, లాభం అంటాడు, మార్కెట్లో అందరూ అనేదే. "లాభం! నలభై ఒకటీ మున్నూరూ! రెండూ! ముప్ఫై తొమ్మిదీ ఇన్నూరూ!" మున్నూరంటే మూడు వందల గ్రాములు, ఇన్నూరంటే రెండు వందలు. ఆ కేక నాలుగు షెడ్ల అవతల టీ తాగుతున్న రైతుకు కూడా వినిపిస్తుంది. రైతు అక్కడి నుంచే తల ఊపుతాడు.

"రాసింది కొట్టేసి మళ్ళీ రాయొచ్చప్పా. నలుగురి చెవుల్లో పడిందాన్ని ఎవుడు కొట్టేస్తాడు?" అని కొత్తగా వచ్చిన రైతులకు చెప్పేవాడు. ఏడాదిగా ఆ మాట చెప్పడం మానేశాడు.

పదకొండు గంటలకు మురళీధర్ వచ్చాడు. మండీ ఆయనది. కాటా ఆయనది. ఊళ్ళో జిమ్ము ఆయనది. తెల్ల చొక్కా మడత నలగకుండా, సంచుల మధ్య చూసి చూసి అడుగులేస్తూ వచ్చాడు.

"సాబూ, నాలుగింటికి కాటా కల్యాణ మండపానికి తీసుకరా. పోయినేటి మాదిరే."

"నాకు పనుండాది."

"ఏం పనప్పా? నీ పని నా మండీలోనే కదా," అని నవ్వాడు మురళీధర్.

ఖాజాసాబ్ ఆయన మొహం వైపు చూడలేదు. "ఈసారి ఆ బెంగళూరోడి మీదికి ఎవుర్ని తోస్తాండావు?"

"తోసేదేంది? కదిరి పిల్లోడు, సతీష్ అని. టైర్ల షాపులో పని చేస్తాడు. గట్టోడే."

"ఎంత తూగుతాడు?"

"అరవయ్యో, అరవై ఒకటో. అది తేల్చేదానికే కదా నీ కాటా. నీ కాటా అంటే ఎవురూ నోరెత్తరు సాబూ. అందుకే నిన్ను పిలుస్తాండా." భుజం తట్టి వెళ్ళిపోయాడు.

భుజం మీద ఆయన చెయ్యి పడిన చోట ఖాజాసాబ్ తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఎంత ధీమా! ఒకణ్ణి మంచాన పడేసి, వాడి కాళ్ళు పోస్టరుకెక్కించి, మళ్ళీ ఇంకొకణ్ణి తెచ్చాడు. సరే, ఆయనకు సిగ్గు లేదు. మరి నాకుందా? నోరెత్తకుండా ఉన్నది ఊరు కాదు, నేను.

పోయినేడాది ఇదే మార్చి నెలలో, ఇదే మండపంలో, పోటీకి ముందు రోజు తూకాలు వేశారు. ఆ ఆటలో గుద్దొచ్చు, తన్నొచ్చు, ఎత్తి నేలకు వెయ్యొచ్చు. అందుకని ఇద్దరి తూకమూ ఒకటిగా ఉండాలి. ఆ ఆట మొత్తంలో ఉన్న న్యాయం అదొక్కటే. అరవై ఒకటీ ఇన్నూరు దాటకూడదన్నారు. ముందు పృథ్వీ ఎక్కాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. ఇరవై మూడేళ్ళు. మగ్గం తొక్కీ తొక్కీ పిక్కలు రాయిలా ఉన్నాయి. బరువు దించడానికి రెండు రోజులుగా రాగి అంబలి తప్ప తినలేదు, పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టలేదు. పెదాలు పొక్కి ఉన్నాయి. అంకెలు అరవై ఒకటీ మున్నూరు చూపించాయి.

పృథ్వీ ఒక్క క్షణం ఆలోచించి, కుడి చేతి కడియం లాగి ఖాజాసాబ్ చేతికిచ్చాడు. సన్నటి ఇనుప కడియం.

"మా నాయనది తాతా. రోంత సేపు పట్టుకో."

అంకె మున్నూరుకూ ఇన్నూరుకూ మధ్య ఊగి, ఇన్నూరు దగ్గర నిలిచింది. ఖాజాసాబ్ కేకేశాడు. "అరవై ఒకటీ ఇన్నూరూ!" మండపమంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత మురళీధర్ కాటాను లోపలి గదిలోకి మోయించాడు. తలుపు వేయించాడు. బెంగళూరు మనిషి ఎక్కాడు. డెబ్బై మూడున్నర.

"కేక పెట్టొద్దు సాబూ. గమ్మున అరవై ఒకటి రాయి. సంచికి తరుగు తీస్తాం గదా, అట్లే అనుకో," అన్నాడు మురళీధర్. గోనె సంచి బరువు కింద కిలో కొట్టేసినట్టు మనిషికి పన్నెండు కిలోలు కొట్టెయ్యమన్నాడు. పక్కనున్న ఇద్దరు పకపకా నవ్వారు. ఖాజాసాబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే రాశాడు, సంతకం పెట్టాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆయన కేక పెట్టని తూకం అదొక్కటే.

బయటికి రాగానే పృథ్వీ అడిగాడు. "ఆయప్ప శానా లావుగా ఉండాడే. సరిగ్గా తూగినాడా తాతా?"

ఖాజాసాబ్ చీటీ చూపించాడు. పృథ్వీ దాన్ని చూసి తల ఊపాడు. "మార్కెట్ కాటా కదా, ఇంగేముంది," అన్నాడు. నీళ్ళ సీసా కోసం పరుగెత్తాడు. కడియం ఖాజాసాబ్ జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు పోటీ రెండు నిమిషాలు కూడా సాగలేదు. ఖాజాసాబ్ బరి చుట్టూ వేసిన ఇనుప కంచె పక్కనే నిలబడి చూశాడు. పన్నెండు కిలోలు ఎక్కువంటే ఏమిటో చొక్కా మడత నలగనివాళ్ళకు తెలియదు, ఆయన భుజానికి తెలుసు. పృథ్వీ మొదట రెండు గుద్దులు గుద్దాడు, అవి తగిలాయి కూడా. ఆ మనిషి కదల్లేదు. వంగి, నడుం పట్టి, సంచిని ఎత్తినట్టు ఎత్తాడు. మొదటిసారి పృథ్వీ వీపు మీద పడ్డాడు. లేచాడు పిచ్చోడు! ఎందుకు లేచాడో ఖాజాసాబ్‌కు తెలుసు. అవతలివాడు తనంత బరువే అని వాడి నమ్మకం. రెండోసారి మెడ మీద పడ్డాడు. ఆ తర్వాత కూడా నాలుగు దెబ్బలు పడ్డాక గానీ రిఫరీ అడ్డం రాలేదు. జనం ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. దాన్ని ఏడు లక్షల మంది చూశారట, చూసి నవ్వే బొమ్మలు పెట్టారట. అడిగినవాళ్ళందరికీ మురళీధర్ ఒకటే సమాధానం చెప్పాడు. "ఆటలో దెబ్బలు మామూలే. ఇద్దరూ ఒకటే తూకం. ఇదిగో చీటీ." ఖాజాసాబ్ సంతకం చూసి అందరూ నోరు మూసుకున్నారు.

నెలకొకసారి ఖాజాసాబ్ పెనుకొండ వెళ్ళి వచ్చేవాడు. గింజ తీసిన చింతపండు రెండు కిలోలు పట్టుకెళ్ళేవాడు. పృథ్వీ తల్లి పద్మావతమ్మ సంకటి ముద్ద పెట్టి, "దేవుని మాదిరి మనిషివి సాబూ" అనేది. మంచం మీద పృథ్వీ ఎడమ చేత్తో కుడి మణికట్టు తడుముకుంటూ ఆయన వైపే చూసేవాడు. కడియం షెడ్డులో కాటా పక్క మేకుకు వేలాడుతూ ఉండేది. తెచ్చిస్తే అది తనకెలా వచ్చిందో చెప్పాలి. అది చెబితే మిగిలినదీ చెప్పాలి. ప్రతి నెలా మేకు దాకా చెయ్యి వెళ్ళేది, వెనక్కి వచ్చేది. ఒకసారి తెగించి కాటా మీద పెట్టి చూశాడు. ఏ అంకే రాలేదు. వంద గ్రాముల లోపు ఆ కాటాకు తెలియదు.

మధ్యాహ్నం ఖాజాసాబ్ సంచుల మీద కూర్చుని జమ్రూద్ కట్టిచ్చిన రొట్టె విప్పుతుంటే ఫోను మోగింది. పద్మావతమ్మ.

"సాబూ, పృథ్వీ పోయినాడయ్యా."

"పొద్దన్నే. గంజి తాపుతాంటిని. మింగలేదు. నిద్రపట్టిందేమో అనుకుంటిని." ఏడుపు లేదు ఆమె గొంతులో. "సాయంత్రానికి ధర్మవరం తీసుకపోతాండాం. వాళ్ళ నాయన పక్కనే పెడతాం."

ఖాజాసాబ్ రొట్టె కింద పెట్టాడు. ఇప్పుడు కూడా చెప్పకపోతే తను మనిషి కాదు.

"తల్లీ, ఆ బెంగళూరోడు డెబ్బై మూడున్నర తూగినాడు. నేనే అరవై ఒకటని రాసినా."

అవతల ఎవరో నీళ్ళ బిందె దించిన చప్పుడు వచ్చింది.

"నెలనెలా వస్తాంటివి," అంది పద్మావతమ్మ. "నా చేతి ముద్ద తింటాంటివి. ఇంత కడుపులో పెట్టుకోని ఎట్ల మింగుడు పడె సాబూ నీకు?"

"అమ్మా, వాని కడియం నాకాడ ఉండాది. తెచ్చిస్తా."

"నాకొద్దు. వాడు యాడ తీసినాడో ఆడనే పెట్టు," అని ఫోను పెట్టేసింది.

ఖాజాసాబ్ మేకు నుంచి కడియం తీసి జేబులో వేసుకున్నాడు. నాలుగింటికి కాటా మండపానికి చేరింది. ఖాజాసాబ్ దాన్ని హాలు మధ్యలో దించి, కాళ్ళు సరిచేశాడు. కదిరి సతీష్ చొక్కా విప్పి ఎక్కాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు, పెదాలు అచ్చం అలాగే పొక్కి ఉన్నాయి. "అరవై ఒకటే!" అని కేకేశాడు ఖాజాసాబ్. చప్పట్లు మోగాయి. మురళీధర్ కనుసైగ చేశాడు. ఇద్దరు మనుషులు కాటాను లోపలి గదిలోకి మోశారు, తలుపు పడింది.

బెంగళూరు మనిషి ఎక్కాడు. ఎర్ర అంకెలు పైకి పరుగెత్తి, ఊగి, నిలిచాయి.

"గమ్మున రాసెయ్ సాబూ," అన్నాడు మురళీధర్ చీటీ చాపుతూ.

ఖాజాసాబ్ చీటీ అందుకోలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. నాలుగు షెడ్ల అవతలికి వినిపించే గొంతు అది. చెక్క తలుపు ఏపాటిది!

"డెబ్బై నాలుగూ... మున్నూరూ!"

"ఏయ్ ముసలోడా! నోరు ముయ్!" మురళీధర్ ఆయన నోటి మీద చెయ్యి వెయ్యబోయాడు. ఖాజాసాబ్ ఒక్క తోపు తోశాడు. పదేళ్ళు మూటలు మోసిన భుజం. మురళీధర్ గోడకు తగిలాడు.

"డెబ్బై నాలుగూ మున్నూరూ! పోయినేడు డెబ్బై మూడున్నరా! నేనే తూచినా! నేనే దొంగ చీటీ రాసినా! ధర్మవరం పృథ్వీ పొద్దన సచ్చిపాయ! వినండప్పో, వినండి!"

హాల్లో గోల ఆగిపోయింది. కాటా మీద మనిషి ఇంకా దిగలేదు. ఏడాదిలో అతని గొంతు ఖాజాసాబ్ వినడం ఇదే మొదటిసారి. "సత్తోద్నా?" అని కన్నడంలో అడిగాడు, చచ్చిపోయాడా అని. ఖాజాసాబ్ తల ఊపాడు. అతను దిగి, చెప్పులు వేసుకోకుండానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"రేపట్నించి మండీలో కాలు పెట్టావంటే..." అన్నాడు మురళీధర్.

"నువ్వు సెప్పేదేందిరా! నీ మండీలో మన్నుబొయ్య. నేనే రాను."

తలుపు తెరుచుకుంది. సతీష్ గడపలో నిలబడి ఉన్నాడు. చొక్కా అప్పటికే వేసుకున్నాడు, గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నిజమేనా తాతా?"

పోయినేడాది కూడా ఒకడు ఇలాగే అడిగాడు. "నిజం నాయనా. పో, ఏమన్నా తిని కదిరి బస్సెక్కు," అన్నాడు ఖాజాసాబ్. సతీష్ సంచి భుజానికి తగిలించుకుని, జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు. మురళీధర్ అతని వెంట పరుగెత్తాడు. ఆయన వెంట మిగతావాళ్ళు పరుగెత్తారు. బెంగళూరు మనిషి కూడా చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వాకిలి గుండా వెళ్ళిపోయాడు.

ధర్మవరం పోయే రైలుకు ఇంకా ముప్పావు గంట టైముంది. అక్కడ తనను వీధిలోకి రానిస్తారో, రాళ్ళు వేస్తారో ఖాజాసాబ్‌కు తెలియదు. రాళ్ళు వేసినా నిలబడాలనుకున్నాడు. తువ్వాలు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పళ్ళెం మీద పడిన కాళ్ళ గుర్తులు నిదానంగా తుడిచాడు. లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, అంకెలు సున్నా దగ్గర కుదురుకునేదాకా చూశాడు. జేబులోంచి కడియం తీసి పళ్ళెం మధ్యలో పెట్టాడు. వెనక్కి చూడకుండా స్టేషను దారి పట్టాడు.

ఖాళీ గదిలో కాటా మీద ఇనుప కడియం ఉంది, ఎర్ర అంకెలు సున్నా దగ్గర నుంచి కదల్లేదు.