మెరవని మూత

అద్దం ముందు నిలబడి పెదవిని వేలితో పైకెత్తి చూసుకోవడం ఇందిరమ్మకు ఈమధ్య ప్రార్థన కంటే ముందు జరిగే పని అయిపోయింది. చర్చి నుంచి వస్తుండగా శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద ఆటో బోల్తాపడి, ఆమెకూ ఆమె యారాలు, అంటే మరిది భార్య, జూలీకీ నవ్వితే కనబడే పక్క పన్ను చెరొకటి ఊడిపోయింది. ఇద్దరూ ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే పనివాళ్ళే. డాక్టర్ సింధు ఇద్దరికీ ఒకే రోజు దవడ ఎముకలో టైటానియం మర బిగించి, చిగురు మీదికి చిన్న లోహపు మూత పెట్టింది. ఎముక మరను పట్టుకున్నాక దాని మీద పన్ను కడతానంది.

బిగించే ముందు ఆమె మర చూపించింది. అది గరుకుగా, వెలవెలబోయి ఉంది. ఇది నాసిరకమేమోనని ఆ గరుకే ఇందిరమ్మ మనసులో ముల్లయి కూర్చుంది.

మూడు వారాలు గడిచాయి. జూలీ నవ్వితే మూత తళుక్కుమనేది. ఇందిరమ్మది వక్క మరకపట్టి నల్లబడింది. ఆ ఆదివారం పాస్టరమ్మ "జూలీ నవ్వు బాగుంది" అనడం చెవిన పడేసరికి, చర్చిలో పదేళ్ళుగా ముందు వరుసలో పాడుతున్న ఇందిరమ్మ పాటల పుస్తకం టప్పున మూసేసింది.

"ఆ డాక్టరమ్మ జూలీకి అసలుది ఏసింది, నాకు నకిలీది అంటగట్టింది," అంది భర్త జ్ఞానదాసుతో.

"ఇద్దరికీ ఒక్క డబ్బాలకెల్లే తీసింది కదనే! నేను ఆడ్నే కూసున్న."

"నీకెప్పుడూ మరదలే మంచిగ కనబడ్తది."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇందిరమ్మకు ఆ పొరుగిల్లు జూలీదే, మధ్యగోడ అవతలే ఉంది! మర్నాటి నుంచి ఆమె ఇత్తడి గిన్నెలు తోమే పొడి, ఇనుప పీచు ముక్క తీసుకుని మూతను రుద్దడం మొదలుపెట్టింది. రెండు రోజులు మెరిసింది. ఆమె కూడా మురిసింది. అయిదో రోజుకు చిగురు వాచి, అన్నం ముద్దకు నెత్తురంటింది.

పనికి సెలవు పెట్టి ఆమెను దవాఖానకు తీసుకుపోయింది జూలీయే.

"దేంతో రుద్దారు?" అని సింధు అడిగింది. ఇందిరమ్మ తలవంచుకుని చెప్పింది.

"ఇందిరమ్మగారూ, ఎముకలో ఉండే భాగాన్ని కావాలనే గరుకుగా చేస్తారు. ఆ గరుకును పట్టుకునే ఎముక పెరుగుతుంది. చిగురును తాకే మూత మాత్రం నున్నగా ఉండాలి. దాని మీద గీతలు పడితే వాటిలో పాచి చేరి చిగురు వాస్తుంది. ఆ వాపు కిందికి దిగితే ఎముక కరిగిపోతుంది. అప్పుడు ఆ మరనే తీసేయాలి."

"జూలీకి ఏసింది వేరేనా?" అని అడిగింది ఇందిరమ్మ.

"రెండూ ఒకటేనండీ. ఆవిడ మెత్తటి బ్రష్షుతో తోముకుంటున్నారు. మీరు వక్క నములుతున్నారు. అదృష్టం, మర ఇంకా కదల్లేదు. మూత మారుస్తాను."

బయట బెంచీ మీద కూర్చున్నాక ఇందిరమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నీ మీద కుళ్ళుకున్న జూలీ. ఆ కుళ్ళుతోనే నా నోరు నేనే కరాబు చేసుకున్న."

జూలీ మెల్లగా అంది. "అక్కా, నువ్వు పాట ఎత్తుకుంటే జనమంతా కండ్లు మూసుకుంటరు. నేను పాడితే పక్కకు జరుగుతరు. పదేండ్లసంది నాకు నీ గొంతు మీద కుళ్ళే. గిప్పటిదాంక చెప్పలే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఇందిరమ్మే, వాచిన చిగురు మీద చెయ్యి పెట్టుకుని.

పాఠకులారా, పక్కవాళ్ళ మెరుపును చూసి మనం రుద్దేది వాళ్ళ సొత్తును కాదు, మన సొత్తునే. గీతలు పడేదీ, నెత్తురు కారేదీ మనకే.